సముద్రము చూడబోవు వారికి

మన రైల్వే స్టేషనులలో ఊరిపేరు వ్రాసిన పసుపుపచ్చని బోర్డు అడుగున ఒక అంకె ఉండుట మీలో చాలమంది చూచియే యుందురు. ఆ ఊరు సముద్రమట్టమునకు ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నదో తెలుపు అంకె అది. మహబూబునగరము సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. బండి కొరకు ఎదురుచూచుచు ఆ అంకెను చదివిన వారెందరో గలరు. వారిలో సముద్రమును కన్నులార చూచినవారు మాత్రము కొలదిమందియే.

మనము చూడకపోయినను మన నీరు చూచుచునే యున్నది. తంగిడి వద్ద మన గడపలో అడుగుపెట్టిన కృష్ణ, అలంపురము దాపున తుంగభద్రను కలుపుకొని, నాగార్జునసాగరములో కొంతకాలము నిలిచి, వాడపల్లి వద్ద మూసీని చేర్చుకొని, చివరకు హంసలదీవి దగ్గర సముద్రములో కలియుచున్నది. ఏటేట మన వాగులు, వంకలు చేరుచున్న చోటికి మనమును ఒక్కసారి పోవలెనను కోరిక సహజమైనదే.

అయితే ఈ కోరికను గూర్చి చెప్పునపుడు ఒక మాట దాచరాదు. పాలమూరు కూలీలు ఈ దేశమున పోని చోటు లేదని చెప్పుకొందురు. ఆనకట్టలు కట్టుటకు, కాలువలు త్రవ్వుటకు, రోడ్లు వేయుటకు వారు ఎన్నో రాష్ట్రములు తిరిగిరి. కాని పోయినదంతయు పని కొరకే. చూచి సంతోషించుటకై ఇల్లు కదలుట వారికి అలవాటు లేదు. నల్లగొండ మెట్టపొలముల వారి సంగతియు ఇంచుమించు అంతియే. కావున ఈనాడు ఒక ఇంటివారు ప్రత్తి అమ్మిన డబ్బులోనో, నెలజీతములోనో కొంత విడిగా తీసి, “ఈ ఏడు సముద్రము చూచి వత్తము” అని అనుకొన్నచో అది చిన్న సంగతి కాదు. ఆ కొద్దిపాటి డబ్బు వెనుక ఇంటికప్పు మరమ్మత్తు, పిల్లల చదువు, పెద్దల మందులు ఇన్నియు ఆగియున్నవి. అట్టి డబ్బు వృథా కాకూడదు. అంతకన్న ముఖ్యముగా, పోయిన వారందరును క్షేమముగా ఇల్లు చేరవలెను. ఈ రెంటికిని తోడ్పడు నాలుగు మాటలు చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మొదట మేము చేసిన పొరపాటు చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట మా అమ్మ సముద్రము చూడవలెనని అడిగినది. ఆమె ఆ వయసు వరకు మమ్ములను అడిగిన కోరిక అది యొక్కటే. అద్దెకు కారు మాట్లాడితిమి. అంత డబ్బు పోసి ఒక్కచోటికే పోవుట ఏమి తెలివి యని అందరమును కలిసి ఆలోచించి, విజయవాడ దుర్గమ్మను, మంగళగిరి నరసింహస్వామిని, అమరావతిని ఆ దారిలోనే చేర్చితిమి. అర్ధరాత్రి బయలుదేరి, దర్శనపు వరుసలలో నిలిచి నిలిచి, సూర్యలంక చేరునప్పటికి చీకటి పడినది. ఆ వేళకు ఎవ్వరును నీటిలోనికి దిగరాదని కాపలావారు ఈలలు ఊదుచుండిరి. కారు నడుపువాడు తిరుగు ప్రయాణమునకు తొందరపెట్టుచుండెను. మా అమ్మ ఒడ్డున పావుగంట నిలిచినది. తెల్లవారి ఇల్లు చేరిన తరువాత పక్కింటివారు “ఎట్లున్నదమ్మా సముద్రం?” అని అడిగిరి. ఆమె, “సముద్రం ఇన్న బిడ్డా, సూడనైతే లేదు” అన్నది.

ఆ నాడు ఖర్చు లెక్క వేసి చూచితిని. కారు అద్దెయు, దారిలో భోజనములును, వాహనము నిలిపిన చోటనెల్ల కట్టిన రుసుమును కలిపి పెద్ద మొత్తమే అయినది. అందులో సముద్రము కొరకు ఖర్చయినది మాత్రము ఏమియు లేదు. ఏది చూడబోయితిమో దానికి తప్ప తక్కిన అన్నిటికిని వెచ్చించితిమి. మాకు డబ్బు చాలకపోలేదు, తొందర ఎక్కువైనది. తీరయాత్రలో దుబారా అంతయు తొందరలోనే ఉన్నదని ఆ నాడు నాకు తెలిసినది. ప్రమాదములో పెద్దపాలు కూడ తొందరలోనే ఉన్నదని తరువాత గ్రహించితిని. రాత్రియంతయు మేలుకొని ప్రయాణము చేసిన యువకులు, రెండు గంటలలో తిరిగిపోవలెనను ఆరాటముతో, వేళ చూడక, చోటు అడుగక నీటిలోనికి ఉరుకుదురు. ప్రతి సంవత్సరము మనము వినుచున్న విషాదవార్తలలో పెక్కింటికి మొదలు ఇక్కడనే ఉన్నది.

కావున మొదటి నియమము ఇది. ఒక ప్రయాణమునకు ఒక్కటే ఊరు; ఆ ఊరిలో రెండు రాత్రులు.

ఏ ఊరు? మన జిల్లాల నుండి తేలికగా చేరదగిన తీరగ్రామములు ముఖ్యముగా నాలుగు. బాపట్లకు 9 కిలోమీటర్ల దూరమున సూర్యలంక. చీరాలకు 10 కిలోమీటర్ల లోపున వాడరేవు. మచిలీపట్నము దాపున మంగినపూడి. దివిసీమ కొనయందు హంసలదీవి. నాలుగును చూడుడని చెప్పుటలేదు. మీ ఇంటివారికి తగినది ఒకటి ఎన్నుకొనుడని చెప్పుచున్నాను.

సూర్యలంకలో విశాలమైన ఇసుకతీరము ఉన్నది. ఒడ్డుననే పర్యాటకశాఖ వారి విడిది కలదు. అచ్చట గది దొరకనిచో, లేక అంత అద్దె వద్దనుకొన్నచో, బాపట్ల పట్టణములో లాడ్జీలు గలవు. ఉదయము ఆటోలో తీరమునకు పోయి, ఎండ పెరుగగానే మరలి రావచ్చును. బాపట్లకు ఆ పేరు తెచ్చిన భావనారాయణస్వామి ఆలయము పట్టణములోనే యుండుటచేత, పెద్దలకు దర్శనము కొరకు వేరొక ప్రయాణము అక్కరలేదు.

వాడరేవు జాలరుల ఊరు. పడవలు ఒడ్డుకు చేరుట, వలలు దులుపుట, చేపల బేరము చూడగోరువారికి అది తగిన చోటు. ఒక్క హెచ్చరిక. చీరాల చేనేతకు పేరుపొందిన ఊరు. అచ్చటి చీరలు చూచిన తరువాత మూటలోని డబ్బు మన మాట వినదు. బట్టలు కొనదలచినచో దానికి వేరుగా డబ్బు కట్టుకొని పోవుడు.

మంగినపూడి తీరమున పసుపు ఇసుకకు బదులు నల్లని మట్టి ఉండును. సముద్రమనగా తెల్లని ఇసుక యని బొమ్మలలో చూచిన పిల్లలు మొదట కొంత నిరుత్సాహపడవచ్చును. ఈ సంగతి ఇంటివద్దనే చెప్పి తీసికొనిపోవుడు. దాని అనుకూలము వేరు. సూర్యాపేట, కోదాడ మీదుగా పోవు 65వ నంబరు జాతీయరహదారి మచిలీపట్నము వరకు పోవుచున్నది. నకిరేకల్లులో మన ఇంటిముందు కనబడు రోడ్డు చివర సముద్రమే ఉన్నదన్నమాట.

హంసలదీవి కృష్ణ సముద్రములో కలియు చోటు. వేణుగోపాలస్వామి ఆలయము గల పల్లె. మనసుకు అన్నిటికన్న దగ్గరైనది, చేరుటకు అన్నిటికన్న కష్టమైనది కూడ అదియే. అవనిగడ్డ నుండి కోడూరు మీదుగా పోవలెను. పాలకాయతిప్ప తీరము దాటి అసలు సంగమస్థానము వరకు పోవుదారి అభయారణ్యపు సీమలోనిది. కావలి వారి అనుమతి లేక ముందునకు సాగరాదు. చీకటి పడకముందే మరలి, బసకు అవనిగడ్డవంటి ఊరు చేరుట మేలు. వృద్ధులతో, పసిపిల్లలతో మొదటిసారి పోవువారికి హంసలదీవి కంటె సూర్యలంకయో మంగినపూడియో అనుకూలము.

ఇక ఎప్పుడు పోవలెను? మనవారు సాధారణముగా వేసవి సెలవులే తలతురు. పిల్లలకు ఏప్రిల్ చివరి వారము నుండి జూన్ రెండవ వారము వరకు సెలవు. అయితే తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధము. చేపలు గుడ్లుపెట్టు కాలమని ప్రభుత్వము విధించిన కట్టడి అది. ఆ రోజులలో పెద్ద పడవలు ఒడ్డున కట్టివేయబడి యుండును. సముద్రపు చేప అరుదై ధర పెరుగును. పిల్లలు పడవలను చూడలేరు, పెద్దలు చేపల పులుసు తినలేరు. పైగా తీరపు ఎండ మన ఎండ వంటిది కాదు. మన వద్ద పొడివేడిమి. అచ్చట గాలిలో తేమ నిండియుండుటచేత చెమట ఆరక, నీడన కూర్చున్నను ప్రాణము విసుగును.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపానుల కాలము. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేల ప్రాణములు తీసికొన్నది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్దనే తీరము దాటినది. ఈ నెలలలో పోక తప్పనిచో, బయలుదేరుటకు ముందు మూడు రోజులు రేడియోలో వాతావరణ సూచనలు తప్పక వినుడు. మన హైదరాబాదులోనే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము కలదు. అలల ఎత్తును, ఉప్పొంగు సూచనలను, సునామీ హెచ్చరికలను సముద్రమునకు ఇంత దూరమున నున్న ఆ కార్యాలయమే దేశమునకంతటికిని తెలుపుచున్నది. జాలరులు వేటకు పోరాదని సూచన వెలువడిన నాడు మనమును ప్రయాణము మానుకొనవలెను. టికెట్టు డబ్బు పోయినను పోవుగాక.

సంక్రాంతి వారములో రైళ్ళన్నియు కోస్తాకు పోవువారితో క్రిక్కిరిసి యుండును. కార్తిక పూర్ణిమకు, మాఘ పూర్ణిమకు సముద్రస్నానములకై వేలాది జనము తీరమునకు వచ్చుదురు. ఈ రోజులను తప్పించి, సంక్రాంతి గడచిన తరువాత ఫిబ్రవరి చివర వరకు గల కాలము మనకు తగినది. ఆ నెలలలో గాలి చల్లనిది, ఆకాశము తేటగా ఉండును. ఆదివారము కాక మంగళ, బుధవారములలో పోయినచో జనము తక్కువ. గది అద్దె విషయమున బేరమాడుటకును వీలుండును. బడి ఒకటి రెండు రోజులు తప్పిపోవునను భయము కలవారు ఉపాధ్యాయులను ముందుగా అడిగి చూడుడు. సముద్రము చూచి వచ్చిన పిల్లవాడు భూగోళపాఠమును మరచిపోడు.

దారి సంగతి. నల్లగొండ, మిర్యాలగూడ వారికి రైలే మేలు. ఈ దారిలో రైలు విష్ణుపురము దాటిన తరువాత కృష్ణను దాటి, నడికుడి, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి మీదుగా గుంటూరు చేరును. గుంటూరు నుండి తెనాలి 25 కిలోమీటర్లు. తెనాలి నుండి దక్షిణమునకు పోవు పెద్దలైనుపై బాపట్ల, చీరాల వరుసగా వచ్చును. నారాయణాద్రి వంటి తిరుపతి బండ్లు ఈ దారినే పోవును. వేళలు మారుచుండును గనుక బండి ఆగు స్టేషనులను ముందుగా విచారించుకొనుడు. సూర్యాపేట, కోదాడ వారికి రహదారి బస్సే తిన్ననిది. విజయవాడలో మారి మచిలీపట్నము పోవచ్చును.

పాలమూరు వారికి తీరమునకు తిన్నని రైలు దారి లేదు. డోన్, నంద్యాల మీదుగా గుంటూరునకు చుట్టుదారి కలదు గాని అది దూరము. జడ్చర్ల నుండి కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా మిర్యాలగూడ, అటుపిమ్మట కోదాడ వరకు 167వ నంబరు జాతీయరహదారి ఉన్నది. ఆ దారిని బస్సులో మిర్యాలగూడ చేరి రైలెక్కుటయో, కోదాడ చేరి విజయవాడ బస్సు పట్టుటయో మంచిది. ఎటు పోయినను ప్రయాణమునకు ఒక పూర్తి పగలు కేటాయింపుడు. మనవారు కిలోమీటర్లను లెక్కింతురు గాని బస్సు కొరకు నిలుచు సమయమును లెక్కింపరు. ప్రణాళిక తలక్రిందులగుట అక్కడనే మొదలగును.

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టికెట్టు లేదు. ఇది మన రాష్ట్రపు సరిహద్దు వరకే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన ఉచిత ప్రయాణము ఆ రాష్ట్రములో నివసించు స్త్రీలకు ఉద్దేశించినది. కావున సరిహద్దు దాటిన తరువాత అందరికిని టికెట్టు లెక్క వేసికొనుడు. రైలులో ఐదేండ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. ఐదు నుండి పన్నెండేండ్ల లోపు పిల్లలకు వేరుగా బెర్తు కోరనిచో సగము ధర, కోరినచో పూర్తి ధర. వృద్ధులకు ఇచ్చుచుండిన రాయితీని 2020 మార్చిలో నిలిపివేసిరి. అది ఉన్నదనుకొని లెక్క కట్టరాదు. రిజర్వేషను 60 రోజుల ముందు మొదలగును. పోవుటకు, వచ్చుటకు రెండు టికెట్లును ఒకేసారి కొనుడు. తిరుగుటికెట్టు చేతిలో లేని యాత్రికుడు చివరి నాడు ఎంత చెప్పిన అంత ఇచ్చి కారెక్కును.

ఇక డబ్బు. ధరలు ఏడాదికొక తీరున మారును. పాళ్ళు మాత్రము అంతగా మారవు. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ గల ఇల్లు 10,000 రూపాయలు తీసినదనుకొందము. దీనిని పది భాగములు చేయుడు. మూడున్నర భాగములు, అనగా 3,500, రాకపోకలకు. మూడు భాగములు రెండు రాత్రుల బసకు. రెండు భాగములు భోజనమునకు. మిగిలిన ఒకటిన్నర భాగము, అనగా 1,500, వేరొక సంచిలో కట్టి ఇంటి ఇల్లాలి వద్ద ఉంచుడు. జ్వరము వచ్చినను, బండి తప్పినను తీయుటకే గాని గవ్వల బొమ్మలకు, ఐసుక్రీములకు తీయుటకు కాదది. మీ ఊరినుండి టికెట్లు, గది అద్దె విచారించి చూచినపుడు మొదటి రెండు పాళ్ళు దాటిపోయినచో, ఆ ఒకటిన్నర భాగమును కోయకుడు. ప్రయాణమును మరి రెండు నెలలు వాయిదా వేసి డబ్బు కూడబెట్టుడు. అప్పు చేసి సముద్రము చూచినవానికి అలలలో వడ్డీయే వినబడును.

భోజనపు ఖర్చు తగ్గించునది మన సద్దిమూట. ఎండబెట్టినట్లు కాల్చిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి, సకినాలు, మొదటి పూటకు పులిహోర కట్టుకొన్నచో పోవుదారి ఖర్చు చాలవరకు తీరును. ఒడ్డున ఒక పూట చేపలు తినుడు; అది యాత్రలోని భాగమే. కాని వండించుకొనుటకు ముందు చేప తూకము ఎంత, వండినందుకు కూలి ఎంత యని రెంటిని వేరువేరుగా అడుగుడు. ఆటో కుదుర్చుకొనునపుడు పోవుటకేనా, వేచియుండి మరల తెచ్చుటకా యని తేల్చుకొనుడు. ఇట్లడుగుట పిసినిగొట్టుతనము కాదు. మాట ముందే తేలినచో ఇరువురికిని మనస్తాపము ఉండదు.

రోజుల వరుస ఇట్లుండవచ్చును. మొదటి నాడు సాయంకాలమునకు పట్టణము చేరి, స్నానము చేసి, తిని, నిద్రింపుడు. ఆ రాత్రి సముద్రమునకు పోకుడు. రెండవ నాడు తెల్లవారకముందే తీరమునకు పొండు. మనది తూర్పుతీరము, సూర్యుడు నీటిలోనుండి లేచును గాని నీటిలో అస్తమింపడు. సాయంకాలపు సూర్యాస్తమయము చూడవచ్చునని పోయినవారు వెనుకకు తిరిగి సరుగుడు తోపులను చూడవలసి వచ్చును. తొమ్మిది గంటల వరకు ఒడ్డున ఉండి, ఎండవేళ గదిలో విశ్రమించి, నాలుగు గంటలకు మరల పోయి, చీకటి పడకముందే తిరిగి రండు. మూడవ నాడు వేకువనే మరియొకమారు చూచి ఇంటిదారి పట్టుడు. మూడుసార్లు నింపాదిగా చూచినవారికి సముద్రము పరిచయమగును.

ఇప్పుడు అన్నిటికన్న ముఖ్యమైన మాట చెప్పెదను. దయచేసి ఇంటిలోని యువకులను కూడ పిలిచి వినిపింపుడు. మన ప్రాంతములో చాలమంది నడుమునకు బెండు కట్టుకొని బావులలో ఈత నేర్చినవారే. చెరువు దాటినవారు, సాగరుకాలువలో ఈదినవారు గలరు. ఆ ఈత గొప్పదే గాని సముద్రము వద్ద అది చాలదు. చెరువులో నీరు నిలుకడగా ఉన్న చోటు క్షేమము. సముద్రములో పెక్కుసార్లు దీనికి విరుద్ధము. ఒడ్డున విరిగిన అలలు మోసికొనివచ్చిన నీరంతయు మరల లోనికి పోవుటకు ఒక దారి కావలెను. ఇరువైపుల అలలు తెల్లని నురుగుతో విరుగుచుండగా, నడుమ ఒక పాయ నురుగు లేక, నల్లగా, ప్రశాంతముగా కనబడును. నీరు లోనికి మరలు దారి అదియే. చెరువులకు అలవాటుపడిన మన కన్ను ఆ ప్రశాంతమైన చోటునే క్షేమమని ఎన్నుకొనును. మనవారికి వచ్చు ఆపద మూలము ఇదియే.

అట్టి ప్రవాహములో చిక్కినవాడు ఒడ్డునకు ఎదురీదినచో ఎంతటి బలశాలియైనను అలసిపోవును. అలసట ముంచినంతగా నీరు ముంచదు. భయపడక నీటిపై తేలుచు, చేయెత్తి పిలువవలెను. శక్తి యున్నచో ఒడ్డునకు సూటిగా కాక, ఒడ్డు వెంబడి పక్కకు ఈదవలెను. ఆ పాయ వెడల్పు సాధారణముగా ఎక్కువ ఉండదు. అది దాటిన తరువాత అలలే ఒడ్డువైపు తోసికొని వచ్చును. ఒడ్డున ఉన్నవారు అతనిని రక్షించుటకై ఒకరి వెంట ఒకరు దుముకరాదు. ఒకని కొరకు ముగ్గురు, నలుగురు పోవుట ఇట్లే జరుగుచున్నది. గాలితో నిండిన ట్యూబునో, త్రాడునో, మూతబిగించిన ఖాళీ డబ్బానో విసరవలెను. జాలరులను, కాపలావారిని కేకవేయవలెను. 112 నంబరునకు తెలుపవలెను.

మన బోటివారికి నియమము తేలికయైనది. మోకాలు దాటి నీటిలోనికి పోరాదు. పిల్లల చేయి విడువరాదు. మద్యము త్రాగినవానిని ఒడ్డునకే రానీయరాదు. ఎఱ్ఱజెండా ఉన్నచోట అడుగు పెట్టరాదు. అన్నిటికిని ముందు, దిగబోవు చోటు మంచిదేనా యని అచ్చటి జాలరిని ఒక్కమాట అడుగుడు. అడిగినందుకు ఖర్చు ఏమియు లేదు. ఈ ప్రయాణమంతటిలో ఉచితముగా దొరకునది, అన్నిటికన్న విలువైనది ఆ ఒక్క మాటయే.

జాలరులను తలచినపుడు మరియొక సంగతి. మనము పోవునది ఒక పల్లెకు, తిరునాళ్ళకు కాదు. ఒడ్డున పరచిన వల వారి నాగలి వంటిది, దానిని త్రొక్కరాదు. ఆరబెట్టిన చేపలు వారి కళ్ళములోని గింజలు. మన పొలము గట్టుపై ఎవరో వచ్చి సీసాలు పగులగొట్టి పోయినచో మనకెట్లుండునో, వారి ఇసుకలో గాజుపెంకులు విడిచినచో వారికిని అట్లే ఉండును. ఆ ఇసుకలో వారు చెప్పులు లేక నడుతురు. మన పెద్దలు కరువును లెక్కించినట్లు వారు ఉప్పెనలను లెక్కింతురు. ఆ వృద్ధులతో కూర్చుని పది నిముషములు మాటలాడినచో, మెట్టవారికిని తీరమువారికిని కష్టము ఒకే భాషలో వచ్చునని తెలియును.

మా అమ్మను మరల తీసికొనిపోయినది రెండేండ్ల తరువాత, ఒక ఫిబ్రవరి నెలలో. ఈసారి కారు లేదు, నాలుగు ఊళ్ళు లేవు. రైలులో బాపట్ల పోయి పట్టణములోనే గది తీసికొంటిమి. మొదటిసారి అయిన ఖర్చులో సగమునకు కొంచెము ఎక్కువ అయినది. తెల్లవారుచుండగా ఆమె ఇసుకపై కూర్చుని చాలసేపు ఏమియు మాటలాడలేదు. తరువాత లేచి, పాదములు తడియునంత వరకు పోయి, దోసిట నీరు తీసికొని నాలుకకు తాకించి చూచినది.

“మన కృష్ణ నీళ్ళు గూడ ఇండ్లనే కలుస్తయా?” అని అడిగినది.

కలియునంటిని.

“మరి గన్ని తియ్యటి నీళ్ళు కలిసినా ఇంత ఉప్పెందుకున్నది?” అన్నది. నాకు తోచినంత చెప్పితిని. నదులన్నియు రాళ్ళనుండి, మట్టినుండి కొంచెము కొంచెముగా ఉప్పును మోసికొనివచ్చుననియు, నీరు ఆవిరియై మబ్బగును గాని ఉప్పు అక్కడనే నిలిచిపోవుననియు, యుగములుగా అట్లే జరుగుచున్నదనియు చెప్పితిని. ఆమె విని, తల ఊపి, మరల కూర్చున్నది. ఎండ పెరుగు వరకు ఎవ్వరమును ఆమెను లేపలేదు. లేపవలసిన పనియు ఏదియు లేకుండెను.

ఈ ఏడు పోదలచినవారు నేడే ఒక కాగితము తీసికొని దానిపై ఒక్క ఊరి పేరు వ్రాయుడు. దాని క్రింద బయలుదేరు తేదీ, తిరిగివచ్చు తేదీ వ్రాయుడు. ఇంకొక ఊరు చేర్చుదమని ఇంటిలో ఎవరైన అన్నచో, ఆ పేరును మరియొక కాగితముపై వచ్చే ఏటికి వ్రాసి పెట్టుడు.